కరెంటు వచ్చిన తర్వాతి నిమిషం

గుంటూరులో కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగంలో ఇరవై ఎనిమిదేళ్ళు ఉన్నాను. పోయిన ఏడాది రిటైరయ్యాను. చివరి రోజు శాలువా కప్పి, ఒక గోడ గడియారం చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి బ్యాటరీ వేసి చూస్తే అది నడవలేదు. విప్పి చూద్దామంటే ఇప్పుడు తీరిక ఉంది, ఆసక్తి లేదు.

మా ఆఫీసులో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు ఆ రోజు నన్ను పక్కకి తీసుకెళ్ళి, "మేడం, మీ అనుభవం ఎక్కడైనా రాసిపెట్టండి, మాకు పనికొస్తుంది," అన్నారు. నాకు జీతం ఎప్పుడు పెరిగిందో, సీనియర్ అనే మాట నా పేరు ముందు ఎప్పుడు చేరిందో వాళ్ళకి పనికిరాదు. ఒక్క తప్పు మాత్రం పనికొస్తుంది. అది నేను చేసిన తప్పే కాబట్టి వివరంగా చెప్పగలను.

పని ఏమిటంటే

మాది చీరాల. ఇంట్లో అందరూ మగ్గం మీద బతికినవాళ్ళే. పాలిటెక్నిక్ చదివి, గుంటూరు బ్రాడీపేటలో ఒక చిన్న కంపెనీలో చేరాను. పత్తి మిల్లులు, మిర్చి కోల్డ్ స్టోరేజీలు, గ్రానైటు యూనిట్లు, ఇలాంటి చోట్ల సర్వర్లు పెట్టి, అవి ఆగిపోతే వెళ్ళి లేపడం మా పని. సర్వర్ అంటే పెద్దగా ఊహించుకోకండి. మెట్ల కిందో, స్టోరు రూములోనో దుమ్ము కొట్టుకుని, ఎప్పుడూ ఆపకుండా నడిచే కంప్యూటరు. దాంట్లో ఎవరూ నొక్కకుండానే తమంతట తాము మొదలై పనిచేసే ప్రోగ్రాములు ఉంటాయి. వాటిని సర్వీసులంటాం. అవి బాగున్నంత కాలం అవి ఉన్నాయని కూడా ఎవరికీ తెలియదు. మనం ఉన్నామని కూడా తెలియదు.

మా యజమాని సుబ్బారావు గారు. చేరిన మొదటి రోజే నాకు ఒక స్క్రూడ్రైవరు, ఒక సలహా ఇచ్చారు. "కస్టమరు ముందు తెలియదు అనకు. చూస్తాను అను." రెండూ చాలా ఏళ్ళు వాడాను.

మొదట్లో ఎక్కడికెళ్ళినా గేటు దగ్గర ఒకటే ప్రశ్న. "ఇంజనీరు గారు వెనకాల వస్తున్నారామ్మా?" కొన్నాళ్ళు నేనే ఇంజనీరునని చెప్పేదాన్ని. తర్వాత "వస్తున్నారు" అని చెప్పి లోపలికెళ్ళి పని మొదలుపెట్టేదాన్ని. పని అయిపోయే వేళకి ఇంజనీరు గారి సంగతి ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

నా హస్తవాసి

చీమకుర్తిలో ఒక గ్రానైటు కటింగ్ యూనిట్ ఉండేది. అక్కడ లారీలను తూచే కాటా దగ్గర ఒక కంప్యూటరు, దానికి ఆనుకునే ఉన్న ఆఫీసు గదిలో సర్వరు. కాటా మీదకి లారీ ఎక్కగానే బరువు సర్వర్లోకి వెళ్ళాలి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అది వెళ్ళేది కాదు. లారీలు రోడ్డు దాకా బారు తీరేవి. డ్రైవర్లు దిగి తలో భాషలో తిట్టేవాళ్ళు.

నాకు ఫోన్ వచ్చేది. గుంటూరు నుంచి బస్సులు మారి మూడు గంటల పైన ప్రయాణం. వెళ్ళి సర్వర్ ముందు కూర్చుని, ఆగిపోయిన సర్వీసును చేత్తో మొదలుపెట్టేదాన్ని. వెంటనే పనిచేసేది. వంకర లేదు, వాదన లేదు. టీ తాగి తిరిగొచ్చేదాన్ని. రిపోర్టులో "సరిచేయబడినది" అని రాసేదాన్ని. ఏం సరిచేశానో రాసే గడి ఆ ఫారంలో లేదు.

మూడుసార్లు ఇదే జరిగింది. కాటా దగ్గర పనిచేసే అంజయ్య నా మీద గురి పెంచుకున్నాడు.

"మేడం, మీరొచ్చి కూర్చుంటే చాలు, పనిచేసిద్ది. మీ హస్తవాసి అట్టాంటిది."

నేను కాదనలేదు. అప్పటికి ఆ ఉద్యోగంలో నన్ను మెచ్చుకున్న మొదటి మనిషి అతనే.

నాలుగోసారి వెళ్ళినప్పుడు అంజయ్య నా వెనక నిలబడి కాసేపు చూశాడు.

"ఒక మాటడగనా మేడం?"

"అడుగు."

"కరెంటు రాంగానే ఈ కంప్యూటరు టక్కున లేచిద్ది. గోడ మీద ఆ వైర్ల పెట్టె ఉంది చూడండి, అది లేవటానికి టైం పట్టిద్ది. నేను టీ గ్లాసు కడుక్కొచ్చేదాకా దాంట్లో పచ్చలైటు రాదు. మరి ఆ మధ్యలో ఇది ఎవరితో మాట్లాడిద్ది?"

అతను చెప్పిన వైర్ల పెట్టె నెట్‌వర్క్ స్విచ్. కంప్యూటర్లన్నింటినీ కలిపేది అదే. నేను సర్వర్లో లాగ్ తెరిచాను. లాగ్ అంటే ఏ పని ఏ సెకనులో జరిగిందో యంత్రం తనంతట తాను రాసుకునే చిట్టా. అంతకు ముందు మూడుసార్లూ అది తెరవాలని నాకు తోచలేదు. పనిచేస్తున్నదాన్ని ఎవరు తెరుస్తారు?

అంతా వరసగా ఉంది. కరెంటు వచ్చింది. సర్వర్ లేచింది. మా సర్వీసు మొదలైంది. నెట్‌వర్క్ అడిగింది. లేదంది. సర్వీసు ఒక్క వాక్యం రాసి ఆగిపోయింది. ఆ తర్వాత నలభై సెకన్లకి నెట్‌వర్క్ సిద్ధమైంది. అప్పటికి అడిగేవాళ్ళు లేరు.

నేను గుంటూరు నుంచి వచ్చేలోపు నెట్‌వర్క్ ఎప్పుడో సిద్ధమై కూర్చునేది. అప్పుడు చేత్తో మొదలుపెడితే పనిచెయ్యక ఏం చేస్తుంది? నా హస్తవాసి అంటే నేను ఆలస్యంగా రావడమే.

చేత్తో మొదలుపెడితే పనిచేసి, తనంతట తాను మొదలైతే చచ్చిపోయే సర్వీసు కనబడిందా, ముందు సమయాలు చూడండి. అన్నిటికన్నా ముందు, ఆ యంత్రం పక్కన రోజూ కూర్చునే మనిషిని అడగండి. అంజయ్య దాన్ని మొదటి రోజు నుంచీ చూస్తూనే ఉన్నాడు. నేనే అడగలేదు.

అరవై సెకన్లు

ఆ రోజు నేను చేసిన వైద్యం చాలా సులువు. సర్వీసు మొదలయ్యే ముందు "అరవై సెకన్లు ఆగు" అని ఒక్క వరుస రాశాను. నలభై సెకన్ల ఆలస్యానికి అరవై చాలుతుంది కదా. అంజయ్య చేత మెయిన్ ఆపించి, వేయించి చూశాను. పనిచేసింది. మళ్ళీ చీమకుర్తి నుంచి ఫోన్ రాలేదు.

సుబ్బారావు గారు సంతోషించారు. "ఆ ఒక్క వరుస అన్నిచోట్లా పెట్టెయ్ రమా," అన్నారు. పెట్టేశాను. పత్తి మిల్లుల్లో పెట్టాను, ఒక సిమెంటు ఫ్యాక్టరీ కాలనీ ఆసుపత్రిలో పెట్టాను. కొత్తగా ఏ సర్వర్ పెట్టినా చెయ్యి దానంతట అదే ఆ వరుస రాసేది. కొందరు బొట్టు పెట్టి మొదలుపెడతారు, నేను అరవై పెట్టి మొదలుపెట్టేదాన్ని.

అది ఎందుకు తప్పో అప్పుడే ఎవరైనా అడిగి ఉంటే చెప్పగలిగేదాన్ని. అరవై అనేది ఆ రోజు, ఆ గోడ మీద ఉన్న ఆ పెట్టెకి సరిపోయిన లెక్క. నెట్‌వర్క్ వచ్చిందో లేదో అది చూడదు. ఊరికే అంకెలు లెక్కపెట్టి, వచ్చే ఉంటుందిలే అనుకుంటుంది. కానీ ఎవరూ అడగలేదు. నేను కూడా నన్ను అడగలేదు.

కోల్డ్ స్టోరేజీ

గుంటూరు చుట్టూ మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఎన్నో ఉన్నాయి. వాటిల్లో ఒకదానికి మేం అలారం పెట్టాం. చల్లదనానికి అక్కడ అమ్మోనియా గ్యాసు వాడతారు. అది పైపుల్లో ఉన్నంతసేపు మంచిదే. బయటికొస్తే కళ్ళు, ఊపిరితిత్తులు కాలిపోతాయి. ఎక్కువైతే మనిషి పోతాడు.

ఆ ప్లాంటు నడిపేది కోటయ్య. అప్పటికే యాభై దాటాయి. కంప్యూటరు రాకముందు ప్రతి గంటకీ చాంబర్లన్నీ తిరిగేవాడు. చాంబరంటే మిర్చి బస్తాలు పేర్చే పెద్ద చల్లటి గది. గంధకం పూసిన ఒత్తి వెలిగించి పైపుల కీళ్ళ దగ్గర పట్టుకునేవాడు. అమ్మోనియా కారుతుంటే అక్కడ తెల్లటి పొగ లేస్తుంది. అదీ అతని పరీక్ష. అప్పుడప్పుడూ ఒత్తి లేకుండా ముక్కుతోనే చేసేవాడు.

మేం ప్రతి చాంబర్లో గ్యాసును పసిగట్టే సెన్సర్లు బిగించాం. అవి సర్వర్‌కి కబురు పంపుతాయి. సర్వర్లో మా సర్వీసు ఆ కబురు విని సైరన్ మోగిస్తుంది. అమ్మోనియా నీళ్ళలో తడిపిన గుడ్డ సెన్సర్ దగ్గర పెట్టి చూపించాను. సైరన్ మోగింది. మేనేజరు గారు చప్పట్లు కొట్టారు. కోటయ్య చెవులు మూసుకున్నాడు. తర్వాత మెయిన్ ఆపి వేసి కూడా చూశాం. అరవై సెకన్లు ఆగి, సర్వీసు చక్కగా మొదలైంది.

అప్పుడు నేనొక మాట అన్నాను. ఎవరూ నన్ను అడగలేదు కూడా.

"ఇక ప్రతి గంటకీ తిరగాల్సిన పని లేదండి. ఎక్కడ లీకైనా సెకన్లలో మోగుతుంది."

మేనేజరు గారు ఆ వారమే కోటయ్య రౌండ్లు షిఫ్టుకి రెండుకి తగ్గించారు. కోటయ్య నా దగ్గరకొచ్చి, "మీ మిషనుకి జలుబు చెయ్యదా అమ్మా?" అని అడిగాడు. నవ్వాను. అతను నవ్వలేదు.

రెండేళ్ళు బాగా నడిచింది. ఆ తర్వాత అక్కడ రెండు మార్పులు చేశాను. సర్వర్ మెల్లగా ఉందని కొత్త డిస్కు వేశాను, అది మునుపటికంటే తొందరగా లేవడం మొదలుపెట్టింది. పాత స్విచ్ తీసి మంచిది పెట్టాను. మంచిది కాబట్టి అది లేచాక తన తీగలన్నీ ఒకసారి సరిచూసుకుని గాని ఎవరినీ మాట్లాడనివ్వదు. ఒకటి తొందరైంది, ఒకటి ఆలస్యమైంది. రెండూ నేను చేసిన మేళ్ళే. మెయిన్ ఆపి వేసి మళ్ళీ చూడలేదు. సీజను, కరెంటు ఆపొద్దన్నారు. నేనూ బలవంతం చెయ్యలేదు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం

మిర్చి సీజను మధ్యలో ఉంది. లారీలు గేటు బయట దాకా ఉన్నాయి. మూడో చాంబర్లో తొమ్మిది మంది కూలీలు టిక్కీల పనిలో ఉన్నారు. మావైపు మిర్చి బస్తాల్ని టిక్కీలంటారు. అన్నాల వేళ దాటాక కరెంటు పోయింది. సర్వర్‌కి ఉన్న యుపిఎస్ బ్యాటరీ ముసలిది, రెండు నిమిషాలకే చేతులెత్తేసింది. పావుగంటకి కరెంటు వచ్చింది. కంప్రెసర్లు మొదలయ్యాయి. మూడో చాంబర్లో ఒక వాల్వు దగ్గర గ్యాసు బయటికి రాకుండా ఆపే ప్యాకింగు వదిలేసింది. గ్యాసు రావడం మొదలైంది.

సెన్సర్ పసిగట్టింది. కబురు పంపింది. వినేవాళ్ళు లేరు.

లోపలున్నవాళ్ళకి వెంటనే తెలియలేదు. దానికి కారణం మిర్చి చాంబర్లోకి ఎప్పుడైనా వెళ్ళినవాళ్ళకి అర్థమవుతుంది. అక్కడ అందరూ ఎప్పుడూ దగ్గుతూనే ఉంటారు. కళ్ళు ఎప్పుడూ మండుతూనే ఉంటాయి. ఆ దగ్గులో కొత్త దగ్గు కలిస్తే ఎవరికి తెలుస్తుంది?

కోటయ్య రౌండుకి ఇంకా రెండు గంటల టైముంది. అయినా బయల్దేరాడు. ఎందుకు వెళ్ళావని తర్వాత అడిగాను.

"కరెంటు పోయి వచ్చాక పైపులు ఒకసారి ఒళ్ళు విరుచుకుంటయ్యమ్మా. ఏదైనా అయితే అప్పుడే అయిద్ది. మీరు రౌండ్లు తగ్గించినా, కరెంటు వచ్చినాక మాత్రం నేను పోతానే ఉన్నా. ఎవరికీ చెప్పలా."

మూడో చాంబరు తలుపు తియ్యగానే అతని ముక్కుకి తెలిసిపోయింది. ఒక్క కేక వేశాడట. "ఒరేయ్! టిక్కీలొదిలేయండ్రా! బయటికి రండి! తువ్వాళ్ళు ముక్కుకి కట్టుకోండి!" గ్యాసు మాస్కులు అక్కడ ఉన్నాయి. అద్దాల పెట్టెలో, తాళం వేసి. తాళంచెవి మేనేజరు గారి సొరుగులో.

బయటికి వచ్చినవాళ్ళని కోటయ్య లెక్కపెట్టాడు. ఎనిమిది మంది.

"మరియమ్మేదిరా?"

మరియమ్మ నలభై ఏళ్ళ మనిషి. బస్తాల నుంచి రాలిన కాయలు ఊడ్చి పోగుచెయ్యడం ఆమె పని. చాంబరు చివర, బస్తాల వరస వెనక ఉంది. కోటయ్య కేక అక్కడిదాకా చేరలేదు. అతను తువ్వాలు నీళ్ళ డ్రమ్ములో ముంచి మొహానికి చుట్టుకుని లోపలికెళ్ళాడు. చీపురు పట్టుకుని కింద కూలబడి ఉన్న మనిషిని రెక్క పట్టి ఈడ్చుకొచ్చాడు. తర్వాత బయటి వాల్వు కట్టేసి, అప్పుడు గోడకి జారగిలబడి కక్కుకున్నాడు.

నాకు మేనేజరు గారి ఫోన్ వచ్చింది. ఒక్కటే మాట.

"మేడం, మీ సైరన్ మోగలేదు."

స్కూటర్ మీద ఇరవై నిమిషాల్లో వెళ్ళాను. అప్పటికి మరియమ్మని, కోటయ్యని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మిగతావాళ్ళు గేటు దగ్గర కూర్చుని కళ్ళమీద నీళ్ళు కొట్టుకుంటున్నారు. సర్వర్ గదిలోకి వెళ్ళి చూశాను. మా సర్వీసు ఆగి ఉంది. చెయ్యకూడని పనే, ఇరవై ఏళ్ళ అలవాటు కొద్దీ చేశాను. చేత్తో మొదలుపెట్టాను.

రెండు సెకన్లలో సైరన్ మోగింది. చాలా గట్టిగా, చాలా బాగా మోగింది. చాంబర్లో గ్యాసు ఇంకా ఉంది కదా. గేటు దగ్గర కూర్చున్నవాళ్ళు భయపడి లేచి రోడ్డు మీదకి పరిగెత్తారు. దాన్ని ఆపేశాను.

పన్నెండు సెకన్లు

లాగ్ చూశాను. సర్వర్ లేచింది. మా సర్వీసు బుద్ధిగా అరవై సెకన్లు ఆగింది. నెట్‌వర్క్ అడిగింది. లేదంది. ఆగిపోయింది. తర్వాత పన్నెండు సెకన్లకి స్విచ్ తన తనిఖీ ముగించుకుని దారి ఇచ్చింది.

ఆఫీసుకి వెళ్ళి సుబ్బారావు గారికి చూపించాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"రిపోర్టులో కరెంటు హెచ్చుతగ్గుల వల్ల అని రాద్దాం రమా. అది అబద్ధం కాదు."

"అబద్ధం కాదండి. కానీ మనకి కరెంటు పోవడం కొత్త కాదు కదా. పోతుందని తెలిసే అరవై పెట్టాను."

"మరేం రాస్తావు?"

"నేను పెట్టిన వరుస, నేను మార్చిన స్విచ్, నేను చెయ్యని పరీక్ష."

మర్నాడు ఆయన నేను రాసింది చదివారు. రెండు అక్షర దోషాలు దిద్ది, కింద తన సంతకం కూడా పెట్టారు. ఆ ఏడాది మూడు కోల్డ్ స్టోరేజీలు మమ్మల్ని మాన్పించాయి. ఆయన ఆ సంగతి నా ముందు ఎప్పుడూ ఎత్తలేదు. నేను చూసిన యజమానుల్లో ఆయన అందరికన్నా తెలివైనవాడు కాదు. ఆ సంతకం తర్వాత నాకు ఇంకో కంపెనీకి మారాలనిపించలేదు.

ఐదో రోజున ఆసుపత్రికి వెళ్ళాను. కోటయ్యని మూడో రోజే పంపేశారు. మరియమ్మ ఇంకా ఉంది. గొంతు దెబ్బతింది. మాట గాలిలా వస్తోంది. నేనెవరో చెప్పాను. ఎలా చెప్పాలో దారంతా అనుకుంటూ వెళ్ళాను, అక్కడికెళ్ళాక ఏదీ గుర్తు రాలేదు.

"అమ్మా, ఆ రోజు సైరన్ మోగాలి. మోగలేదు. అది నా తప్పు."

ఆమె నన్ను వింతగా చూసింది.

"సైరనేంది?"

"గ్యాసు వస్తే మోగేది."

"అట్టాంటిదొకటి ఉందని మాకెవరూ చెప్పలేదే," అంది. కాసేపు ఊపిరి తీసుకుని, "మోగితే ఏం జెయ్యాలంట?" అని అడిగింది.

మేం సైరన్ పెట్టిన రోజు మేనేజరు గారు ఉన్నారు, స్టోరేజీ యజమాని ఉన్నారు, కోటయ్య ఉన్నాడు. చాంబర్లో పనిచేసేవాళ్ళని ఎవరూ పిలవలేదు. అది మోగి ఉన్నా, చాంబరు చివర ఉన్న మనిషి ఏదో మిల్లు కూత అనుకుని ఊడుస్తూనే ఉండేది. నేను నా పన్నెండు సెకన్ల గురించి ఐదు రోజులు నిద్రపోలేదు. అసలు లోటు పన్నెండు సెకన్లకన్నా పెద్దదని ఆమె మంచంలో పడుకుని చెప్పింది.

మెయిన్ ఆపడం

పని సరిగా చెయ్యడానికి రెండు వారాలు పట్టింది. మేం వాడే సర్వర్లలో "నెట్‌వర్క్ తర్వాత మొదలవ్వు" అని రాసే పద్ధతి ఒకటి ఉంది. దాని అర్థం నెట్‌వర్క్ పనులు మొదలయ్యాక అని మాత్రమే. "నెట్‌వర్క్ నిజంగా అందాక" అనేది వేరే మాట, వేరేగా రాయాలి. ఈ తేడా తెలియనివాళ్ళు చాలామంది ఉన్నారు. అప్పటిదాకా నేనూ ఉన్నాను. అరవై తీసేసి రెండోది రాశాను. రాసి, పనైపోయిందన్నాను.

కోటయ్య అప్పటికి డ్యూటీకి వచ్చేశాడు. "అయిపోయిందో లేదో నేను చెప్తా," అన్నాడు. "మెయిన్ ఆపుతా. మళ్ళీ వేస్తా. మీరు ఆ కుర్చీలో కూర్చోండి. మిషన్ని తాకొద్దు. చేతులు కట్టుకోండి."

సీజనులో కరెంటు ఆపడమేమిటని మేనేజరు గారు అడ్డొచ్చారు. కోటయ్య ఆయన వైపు చూశాడంతే. ఆయన పక్కకి తప్పుకున్నారు.

మొదటిసారి ఆపి వేశాడు. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. సర్వీసు మొదలైంది. ఆగిపోయింది.

మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లాగ్ చూస్తే, ఆ సర్వర్‌కి తీగలు రెండున్నాయి. ఆఫీసు వైపు వెళ్ళేది ముందే సిద్ధమైంది. దాన్ని చూసి సర్వర్ "నెట్‌వర్క్ అందింది" అనుకుంది. సెన్సర్ల వైపు వెళ్ళేది ఇంకా సిద్ధం కాలేదు. అంటే "అందింది" అన్న మాటని కూడా నమ్మకూడదు. ఏ తీగ, ఎవరి దాకా, అని అడగాలి.

అప్పుడు దారి మార్చాను. నెట్‌వర్క్ ముందా, సర్వీసు ముందా అనే పంచాయితీ పూర్తిగా మానేశాను. సర్వీసు ఎప్పుడైనా మొదలవ్వనీ. నెట్‌వర్క్ లేకపోతే చచ్చిపోకూడదు. ఐదు సెకన్లకోసారి మళ్ళీ అడుగుతూ ఉండాలి, ఎన్నిసార్లయినా. రెండోసారి మెయిన్ ఆపి వేస్తే నిలబడింది. అడిగింది, లేదంది, అడిగింది, లేదంది, అడిగింది, ఉందంది. నా జీవితంలో అంత అందమైన లాగ్ చూడలేదు.

మూడో పరీక్ష కోటయ్య ఆలోచన. సెన్సర్ తీగ ఒకటి పీకి చేత్తో పట్టుకున్నాడు. "ఇప్పుడు మీ మిషనుకి ఏం వినబడతంది?"

"ఏమీ వినబడదు."

"ఏమీ వినబడకపోతే బాగున్నట్టా?"

నేను పెట్టినదాంట్లో బాగున్నట్టే. దాన్నీ మార్చాను. ఒక సెన్సర్ నుంచి నిమిషం పాటు మాట లేకపోతే సైరన్ మోగుతుంది. ఆ సర్వీసే ఆగిపోతే మోగడానికి సైరన్ దగ్గర ఇంకో చిన్న పరికరం పెట్టాం. మొదటి వారంలో నాలుగుసార్లు ఊరికే మోగింది. ఒకసారి ఎలుక తీగ కొరికింది, ఒకసారి పెయింటర్ నిచ్చెన తగిలింది. మిగతా రెండింటికీ కారణం నేనే. మేనేజరు గారు దాన్ని తీసేయమన్నారు. "మోగనీయండి సార్, మోగితే వెళ్ళి చూసొస్తా, నా కాళ్ళేం అరగవు," అన్నాడు కోటయ్య. రౌండ్లు మళ్ళీ గంటకొకటి చెయ్యమని నేనే కాగితం మీద రాసిచ్చాను. మాస్కుల పెట్టె తాళం మాత్రం ఎవరూ రాయకుండానే మాయమైంది. ఎవరు పగలగొట్టారో నేను అడగలేదు.

కొత్తగా వచ్చేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. మీరు యంత్రం ముందు కూర్చుని చేత్తో మొదలుపెడితే పనిచేసిందని సంతకాలు తీసుకోవద్దు. కరెంటు ఆపించండి. వేయించండి. మీరు చేతులు కట్టుకోండి. ఏం మార్చినా, మేలు కోసం మార్చినా సరే, మళ్ళీ ఆపించండి. సీజను అంటారు. అయినా ఆపించండి.

మరియమ్మ

మరుసటి సీజను మొదట్లో తనిఖీకి వెళ్ళాను. కూలీలు తలుపు దగ్గర చేరారు. ముందు వాళ్ళందరికీ సైరన్ మోగించి వినిపించాం. ఏ తలుపు నుంచి బయటికి రావాలో, గాలికి ఎదురుగా ఎటు వెళ్ళాలో కోటయ్య నడిచి చూపించాడు. వెనక వరసలో మరియమ్మ ఉంది. చీర కొంగు నడుముకి దోపుకుని, చీపురు పట్టుకుని. ఆమె మళ్ళీ వస్తుందని నేననుకోలేదు. ఈ పని తప్ప ఆమెకి వేరే పని లేదని తర్వాత తెలిసింది. గొంతు ఇంకా గాలిలాగే ఉంది. ఇక అంతేనని డాక్టర్లు చెప్పారట.

అందరూ లోపలికి వెళ్తున్నారు. ఆమె మాత్రం మూడో చాంబరు గడప ఇవతల ఆగింది. నా వైపు తిరిగింది.

"లోపలికి పోవచ్చా అమ్మా?"

ఇలాంటి ప్రశ్నకి నేను ఇరవై ఏళ్ళుగా కూర్చున్నచోటి నుంచే "ఆ, వెళ్ళండి" అని చెబుతూ వచ్చాను.

"ఉండు మరియమ్మా, చూసొస్తా," అన్నాను.

సర్వర్ గదికి వెళ్ళాను. మూడో చాంబరు సెన్సర్లు ఒక్కొక్కటీ పలుకుతున్నాయో లేదో చూశాను. తిరిగొచ్చి కోటయ్యని అడిగాను. అతను ఒత్తి వెలిగించి లోపలికెళ్ళి, చివరి వరస దాకా తిరిగి వచ్చి తలూపాడు. అంతసేపూ ఆమె గడప ఇవతలే నిలబడింది. ఎవరూ తొందరపెట్టలేదు.

"వెళ్ళు," అన్నాను.

ఆమె వెళ్ళింది.